ఉమ్మడి డైరెక్టరీలలో రాసే హక్కు ఎవరిది? గనుల ప్రాంతపు వ్యవసాయ సర్వర్లపై ఒక అభిప్రాయం

రామగుండం, గోదావరిఖని పరిసరాలలోని ఒక పత్తి చేను గురించి ఎన్ని సంస్థలు కొలతలు తీస్తున్నవో లెక్కవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల అంచున గాలిలోని ధూళిని, బావులలోని నీటిమట్టాన్ని సింగరేణి సంస్థ నమోదు చేస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టుల యాజమాన్యాలు ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న అర్ధవార్షిక నివేదికలు సమర్పించవలసి ఉన్నది. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం తన పొగగొట్టాల లెక్కను తాను ఉంచుకుంటుంది. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన యూరియా కర్మాగారానికి దాని లెక్కలు దానికి ఉన్నవి. ఎల్లంపల్లి జలాశయపు మట్టం నీటిపారుదల శాఖ వద్ద, వర్షపాతం వాతావరణ కేంద్రాల వద్ద లభిస్తుంది. 2015లో మొదలైన భూసార పత్రాల పథకం కింద ఆ చేను మట్టిలోని 12 అంశాల విలువలు వ్యవసాయ శాఖ వద్ద ఉంటాయి. చేను ఒక్కటే అయినా, దానిని గురించిన లెక్కలు ఒకదానినొకటి చూడని గదులలో ఉన్నవి.

ఈ గదుల మధ్య తలుపులు తెరవాలన్న మాట వ్యవసాయ విస్తరణ రంగంలో ఇప్పుడు తరచుగా వినిపిస్తున్నది. అది సబబైన కోరికే. కానీ తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏ గదిలోని వారు ఏ గదిలోని పుస్తకంలో రాయవచ్చు అన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు కంప్యూటర్ సాంకేతిక సిబ్బందికి వదిలివేస్తున్నారు. సర్వర్‌లో డైరెక్టరీల పంపకం నిజానికి పరిశోధన పద్ధతికి సంబంధించిన నిర్ణయం. బొగ్గు గనుల ప్రాంతంలో ఈ నిర్ణయం పొరపాటైతే నష్టపోయేది రైతు.

ఎట్లా అన్నది వివరించవలసి ఉన్నది. ఓపెన్‌కాస్ట్ గని లోతుకు పోయేకొద్దీ అందులో ఊరిన నీటిని నిరంతరం బయటికి తోడవలసి వస్తుంది. అట్లా తోడినప్పుడు చుట్టుపక్కల బావుల మట్టం పడిపోయే అవకాశం ఉన్నది. తోడిన నీరే చెరువులకు, కాలువలకు చేరి మరొక చోట పంటకు పారుతుంది. రవాణా దారుల వెంబడి లేచే ధూళి పత్తి ఆకుల మీద పేరుకొని పత్రరంధ్రాలను మూసివేస్తుంది, ఎండను అడ్డుకుంటుంది. దిగుబడి తగ్గిన రైతు కారణం అడిగినప్పుడు గని వల్లనా, వానలు లేకనా, పోషక లోపం వల్లనా అని తేల్చవలసింది విస్తరణ శాస్త్రవేత్త. ఆ జవాబు మీద సాగు సలహా ఆధారపడుతుంది. ఒక్కొక్కసారి నష్టపరిహారం కూడా ఆధారపడుతుంది. అంటే ఇక్కడ మూడేళ్ళ కిందటి ధూళి కొలత కేవలం గ్రాఫులోని చుక్క కాదు, సాక్ష్యం. సాక్ష్యం అన్న తరువాత అది రాసిన నాటి రూపంలోనే ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

ఇక సర్వర్ విషయం. ఒక కృషి విజ్ఞాన కేంద్రమో ప్రాంతీయ పరిశోధన స్థానమో ఒకే యంత్రం మీద అనేక పనులు నడపవలసి వస్తుంది. వాతావరణ యంత్రాల నుంచి వచ్చే అంకెలను స్వీకరించడం, మట్టి పరీక్షల నమోదు, రైతులకు సందేశాలు పంపడం, విద్యార్థుల గణాంక విశ్లేషణ వంటివన్నీ ఒకే చోట కలిపి నడిపితే ఒకదానిలో వచ్చిన తప్పు మిగిలినవాటిని పడగొడుతుంది. అందువలన ఒక్కొక్క పనిని ఒక్కొక్క వివిక్త పరిసరంలో, అంటే తన గోడలు తనకున్న గదిలో, ఉంచుతారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1979 నాటి యూనిక్స్‌లోని క్రూట్‌తో మొదలై, 2000లో ఫ్రీబీఎస్‌డీ జైలు, 2005లో సొలారిస్ జోన్లు, 2008లో లినక్స్ కంటైనర్లు, 2013లో డాకర్ వరకు వచ్చింది. పేర్లు మారినా సూత్రం ఒక్కటే. కంటైనర్లన్నింటికీ కింద ఉన్న కెర్నల్ ఒకటే. లోపలి ప్రోగ్రాముకు మాత్రం తన గది తప్ప మరేదీ కనిపించదు.

గదిలోని ప్రోగ్రాముకు బయటి డైరెక్టరీ ఒకటి కావలసి వచ్చినప్పుడు అతిథేయ యంత్రంలోని ఆ డైరెక్టరీని గది లోపలి ఒక చోట కనిపించేటట్లు అతికిస్తారు. లినక్స్‌లో దీనిని బైండ్ మౌంట్ అంటారు. ఫ్రీబీఎస్‌డీలో నల్‌ఎఫ్‌ఎస్ ఇదే పని చేస్తుంది. ఇక్కడ నకలు తీయడం జరగదు. ఒకే డైరెక్టరీ రెండు చోట్ల కనిపిస్తుంది, లోపలి నుంచి ఒక ఫైలు తుడిచివేస్తే బయట కూడా పోతుంది. ఈ ఒక్క వాక్యం అర్థం కాని విద్యార్థికి సర్వర్ మీద ఖాతా ఇవ్వకూడదు.

గోదావరిఖని విద్యార్థికి ఇది చెప్పడం తేలిక. అతని ఇంట్లోనో పొరుగింట్లోనో బాయిపని చేసినవారు ఉండే ఉంటారు. భూగర్భ గనిలో బొగ్గు తీసిన తరువాత ఖాళీ అయిన భాగాన్ని గోఫ్ అంటారు. అందులో మిగిలిన బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కి రాజుకునే ప్రమాదం ఉన్నందున ఆ భాగాన్ని స్టాపింగులు అనే గట్టి గోడలు కట్టి మూసివేస్తారు. అయితే లోపల ఏమి జరుగుతున్నదో తెలియాలి. అందుకని గోడలో కవాటం ఉన్న గొట్టం ఒకటి అమరుస్తారు. దాని ద్వారా లోపలి గాలి నమూనా తీసి కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉన్నదో చూస్తారు. గొట్టం ఉన్నది నమూనా తీయడానికే తప్ప లోపలికి గాలి పంపడానికి కాదు. గోడే లేకపోతే మంటలు రేగుతాయి, గొట్టం లేకపోతే మంట రేగిన సంగతి తెలియదు. చదవడానికి మాత్రమే అనుమతితో అతికించిన డైరెక్టరీ సరిగ్గా ఆ గొట్టం వంటిది.

దీనిని బట్టి చేయవలసిన నియమం చిన్నది: ప్రతి డైరెక్టరీలో రాసే గది ఒక్కటే ఉండాలి, మిగిలినవన్నీ చదవాలి. వాతావరణ యంత్రాల అంకెలను స్వీకరించే గది మాత్రమే ముడి కొలతల డైరెక్టరీలో రాస్తుంది. సలహాల గది, విశ్లేషణ గది వాటిని చదువుతాయి, తమ ఫలితాలను తమ సొంత డైరెక్టరీలలో రాసుకుంటాయి. ఈ నియమం పాటిస్తే ఒక విలువ తప్పు అని తేలినప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది. అందరికీ రాసే అనుమతి ఉన్న చోట తప్పు ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు.

ఆచరణలో మాత్రం దీనికి విరుద్ధంగా జరుగుతున్నది. అనుమతి లేదు అన్న సందేశం తెర మీద రాగానే డైరెక్టరీని అందరికీ పూర్తిగా తెరిచివేయడం సర్వసాధారణమైన చికిత్స. పురుగు కనపడగానే నాలుగు మందులు కలిపి కొట్టడం వంటిది ఇది. అసలు కారణం చాలా సందర్భాలలో వేరే ఉంటుంది. కెర్నల్‌కు వాడుకరి పేరుతో పని లేదు, సంఖ్యతోనే పని. రెండు బాయిల ల్యాంప్ రూములలో ఒకే నెంబరు బిళ్ల ఇద్దరు వేర్వేరు కార్మికులది కావచ్చును. పేరు చూడకుండా నెంబరు మాత్రమే చూసే అధికారికి వారిద్దరూ ఒక్కరే. మట్టి పరీక్షల గదిలో 1001 సంఖ్య గల వాడుకరి, వాతావరణ గదిలో 1001 సంఖ్య గల వాడుకరి పేర్లు వేరైనా, సంఖ్యల మార్పిడి లేని చోట ఉమ్మడి డైరెక్టరీ దగ్గర ఇద్దరికీ ఒకే హక్కు లభిస్తుంది. దీనికి భిన్నంగా, భద్రత కొరకు గదిలోని సంఖ్యలను బయట మరొక వరుసకు మార్చే ఏర్పాటు ఉన్న చోట సొంత ఫైళ్ళు కూడా ఎవరివో తెలియనివిగా కనిపిస్తాయి. ఆ గందరగోళానికి తాళం తీసివేయడం మందు కాదు. ఏ గదికి ఏ సంఖ్య అన్నది ముందుగా ఒక పట్టికలో రాసుకొని, అన్ని గదులలో అదే పాటించాలి. 2021లో వచ్చిన లినక్స్ 5.12 నుంచి అతికించే సమయంలోనే సంఖ్యలను మార్చే సౌకర్యం కూడా కలదు. పట్టిక రాసుకున్న వారికే అది ఉపయోగపడుతుంది.

మరొక ప్రమాదం మరీ నిశ్శబ్దమైనది. కొలతలు భద్రపరిచే పెద్ద డిస్కు సాధారణంగా వేరుగా ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత (విద్యుత్తు పుట్టే ఊరిలో కూడా కరెంటు పోతుంది) యంత్రం లేచే సమయానికి ఆ డిస్కు అందలేదనుకోవాలి. గదికి అప్పుడు కనిపించేది డిస్కు తగిలించవలసిన చోట ఉన్న ఖాళీ డైరెక్టరీ. స్వీకరించే ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ లేకుండా అందులోనే రాయడం మొదలుపెడుతుంది. కొంతసేపటికి డిస్కు వచ్చి దాని మీద కూర్చుంటుంది. గది మాత్రం పాత చోటనే రాస్తూ ఉంటుంది. అతిథేయ యంత్రం నుంచి చూసేవారికి ఆ రాతలు కనిపించవు, డిస్కు కింద అవి దాగి ఉంటాయి. డాకర్‌లో పాత పద్ధతిలో డైరెక్టరీని అతికించినప్పుడు చెప్పిన చోటు అసలు లేకపోయినా అది తానే ఒక ఖాళీ డైరెక్టరీని సృష్టించి ముందుకు సాగుతుంది. కొత్త పద్ధతిలో రాసిన ఆదేశం అయితే ఆగి తప్పు చూపుతుంది. ఆగిపోయే పద్ధతినే ఎంచుకోవాలి. దానికి తోడు డిస్కులో ఒక గుర్తు ఫైలు ఉంచి, అది కనిపిస్తేనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టేటట్లు చేయాలి. ఖరీఫ్ నడుమ పది రోజుల వర్షపాతం లేకపోయినా నమోదులో వరుస తెగినట్లు తెలిస్తే శాస్త్రవేత్త జాగ్రత్తపడతాడు. ఆ ఖాళీని సున్నా వర్షపాతంగా చదువుకుంటే మాత్రం రైతుకు తప్పు సలహా వెళుతుంది.

డైరెక్టరీకి బదులు ఒక్క ఫైలును అతికించడం కూడా చూడటానికి భద్రంగా కనిపిస్తుంది. ఉదాహరణకు పంటల వారీ ఎరువుల మోతాదుల పట్టిక. అయితే చాలా ఎడిటర్లు మార్పులను పాత ఫైలులో రాయవు. కొత్త ఫైలు రాసి దానికి పాత పేరు పెడతాయి. గది పట్టుకొని ఉన్నది పాత ఫైలునే కనుక బయట సవరించిన మోతాదు లోపలికి చేరదు, పాత సలహాయే వెళుతూ ఉంటుంది. డైరెక్టరీని అతికించడమే మేలు.

ఈ చిక్కులన్నీ చూసి కొందరు శాస్త్రవేత్తలు పెన్‌డ్రైవే నయమంటారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. చేతికి ఇచ్చిన నకలును ఎవరూ దూరం నుంచి తుడిచివేయలేరు. కానీ ఆ నకలుకు ఇంకొక నకలు పుడుతుంది. ఒకే మండలపు మట్టి పరీక్షల ఫైలు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అన్న పేర్లతో మూడు వాట్సాప్ గ్రూపులలో తిరగడం ఎరుగని విస్తరణ విభాగం ఉండదు. ఏది అసలుదో తేల్చలేని స్థితిలో మూడింటికీ విలువ లేదు. నకళ్ళు కావలసింది భద్రత కొరకు, వేరే చోట, తేదీ వేసి. రోజువారీ పనికి అసలు ఒక్కటే ఉండి అందరూ దానిని చదవడమే శ్రేయస్కరం. భద్రపు నకలు మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక: గదిని మొత్తంగా బ్యాకప్ తీసుకున్నంత మాత్రాన బయటి నుంచి అతికించిన డైరెక్టరీ అందులోకి రాదు. దానిని అతిథేయ యంత్రం వైపు నుంచి విడిగా భద్రపరచవలసిందే.

విద్యార్థుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. అన్నీ చదవడానికి మాత్రమే అయితే పని ఎట్లా సాగుతుందని వారు అడుగుతారు. ప్రతి విద్యార్థికి తన గది, తనకు ఇష్టం వచ్చినట్లు రాసుకొని చెరుపుకునే డైరెక్టరీ ఇవ్వడమే దీనికి జవాబు. ముడి కొలతలో తప్పు కనిపించినప్పుడు దానిని దిద్దే హక్కు మాత్రం అతనికి ఉండదు. బాధ్యుడైన శాస్త్రవేత్త కూడా పాత విలువను చెరపకూడదు. క్షేత్ర పుస్తకంలో తప్పు అంకె మీద గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేసినట్లే, సవరణలు వేరొక ఫైలులో తేదీతో, కారణంతో చేరాలి. విశ్లేషణ సమయంలో రెండింటినీ కలిపి చదవాలి. ఇది కొంత శ్రమే. గనిలోనైనా పరిశోధన క్షేత్రంలోనైనా పేజీ నెంబర్లు వేసిన కుట్టు రిజిస్టరు ఎందుకు వచ్చిందో తెలిసినవారు ఈ శ్రమను ప్రశ్నించరు.

చదవడానికి మాత్రమే అన్న అనుమతి అన్నింటినీ కాపాడుతుందనుకోవడం కూడా పొరపాటే. చదవగలిగినవారు నకలు తీసుకోగలరు. భూసార నమోదులో మట్టి విలువలతోపాటు రైతు పేరు, ఫోను నెంబరు, సర్వే నెంబరు ఉంటాయి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చిన తరువాత ఈ రెండింటిని ఒకే డైరెక్టరీలో ఉంచడానికి సాకు లేదు. కొలతలు ఒక చోట, వ్యక్తుల వివరాలు మరొక చోట, రెండింటి మధ్య అర్థం లేని ఒక సంకేత సంఖ్య ఉండాలి. సందేశాలు పంపే గదికి తప్ప రెండవ డైరెక్టరీ ఎవరికీ అతికించనక్కరలేదు. గని విస్తరణకు భూసేకరణ జరిగే ప్రాంతంలో ఏ సర్వే నెంబరులో భూసారం తక్కువ, ఏ బావి ఎండింది అన్న జాబితా ఎవరి చేతిలో పడుతుందన్నది భూమి ధరకు సంబంధించిన విషయం కూడా.

అన్నింటికంటె పెద్ద ప్రశ్న అతిథేయ యంత్రం ఎవరిది అన్నది. గదుల మధ్య ఎన్ని గోడలు కట్టినా, ఎన్ని అనుమతులు బిగించినా, కింది యంత్రపు రూట్ అధికారం ఉన్నవారికి అన్ని గదులూ తెరిచి ఉన్నట్లే. వారు ఏ ఫైలునైనా మార్చగలరు. కనుక ధూళి కొలతలు, నీటిమట్టాలు, దిగుబడులు ఒకే యంత్రంలోకి చేరే ఏర్పాటు వస్తే, ఆ యంత్రం ఆ కొలతలతో లాభనష్టాలు ముడిపడిన పక్షం వద్ద ఉండకూడదు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. ప్రభుత్వ సంస్థే కదా అన్న వాదన వినిపించవచ్చును. ప్రభుత్వ సంస్థ అయినా ఈ విషయంలో అది ఒక పక్షమే. అట్లాగే రైతు సంఘం వద్ద ఉంచడం కూడా సరికాదు. రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం, జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ పరిశోధన స్థానం వంటివి ఈ పనికి ఎక్కువ తగినవి. అక్కడ కూడా రూట్ సంకేతపదం ఒక్కరి జేబులో ఉండరాదు.

కంపెనీ నుంచి వచ్చే కొలతలకు ఒక స్వీకరణ డైరెక్టరీ, అందులో రాసే గది ఒక్కటి ఉంటే చాలు. ఫైలు చేరిన రోజునే దాని షా-256 సంకేతాన్ని గణించి, ఆ సంకేతాల జాబితాను పంపినవారికి, కేంద్రానికి, మరొక పరిశోధన స్థానానికి అందజేయాలి. ఫైలులో ఒక్క అంకె మారినా సంకేతం మారిపోతుంది కనుక, మూడేళ్ళ తరువాత ఎవరైనా ఆ ఫైలును శంకిస్తే జాబితాతో పోల్చి చూడవచ్చును. రూట్ అధికారి మీద నమ్మకంతో పని లేకుండా చేసే ఉపాయం ఇది, ఖర్చు లేనిది. అయితే కొలిచేటప్పుడే జరిగిన తప్పును ఈ సంకేతం పట్టుకోలేదు. ధూళి యంత్రాన్ని దారికి దూరంగా గాలివాటుకు ఎదురుగా పెడితే ఏ సర్వర్ కూడా దానిని సరిదిద్దదు. అది క్షేత్రానికి వెళ్ళి చూడవలసిన పని.

విస్తరణ ప్రాజెక్టుల ప్రతిపాదనలలో ఎరువుల మోతాదుకు, నమూనాల సంఖ్యకు, గణాంక పద్ధతికి పేజీలు కేటాయిస్తారు. ఏ డైరెక్టరీలో ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, దాని బాధ్యుడు ఎవరు అన్న వివరానికి ఒక్క పేరా కేటాయించడం కష్టమేమీ కాదు. ఆ పేరా మీద సాంకేతిక సిబ్బందితోపాటు ప్రధాన పరిశోధకుని సంతకం కూడా ఉండాలి. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో సామగ్రి, పద్ధతుల అధ్యాయంలో వాడిన ముడి డైరెక్టరీ పేరు, దానిని చదివిన తేదీ, ఆనాటి సంకేతం, వర్తింపజేసిన సవరణ ఫైలు పేర్కొనాలని మార్గదర్శకులు అడగవచ్చును. వచ్చే ఖరీఫ్‌లో పత్తి మీద ధూళి ప్రభావాన్ని అధ్యయనం చేయబోయే విద్యార్థి విత్తనం నాటకముందే ఈ నాలుగు వివరాలకు తన నోటుపుస్తకంలో చోటు ఉంచుకోవచ్చును.